చెయ్యి మాట ఎందుకు వినలేదు?

కరెంటు, నరం, కండరం, మెదడు... మన ఒంట్లో జరిగే కథ

బౌషర్ (ఒమన్): శుక్రవారం మధ్యాహ్నం. ఘలా వైపున్న ఓ క్యాంపు రూములో భోజనాలయ్యాయి. ఏసీ గుర్రుమంటోంది. ఒకరు ఇంటికి ఫోన్ కలుపుతున్నారు, ఇంకొకరు బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. మాటల్లో మాటగా ఓ తమ్ముడు తనకు కొట్టిన కరెంటు షాకు సంగతి తీశాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. పాతికేళ్లుంటాయి. షటరింగ్ పని. గ్రైండర్ వైరుకు పైన తోలు లేచిపోయిన చోట, చెమట చేత్తో పట్టుకున్నాడు. అంతే!

"ఇడువు ఇడువు అని మనసు మొత్తుకుంటుందన్న. చెయ్యి ఇంటలేదు. నా చెయ్యే గాని నా మాట ఇంటలేదు. మొత్తుకుందామంటె గొంతు పెగుల్తలేదు" అన్నాడు.

పక్క మంచం మీదున్న రాయచోటి అన్న నవ్వాడు. "బయానికి గట్టింగా పట్టుకున్యాడులేన్నా. ఇడిసిపెడితే అయిపోయేదానికి!" రూము రూమంతా నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. కుడి అరచేతి మీద మిగిలిన నల్లమచ్చను చూసుకుంటూ కూర్చున్నాడు. ఎవరో మెయిన్ స్విచ్ ఆపబట్టి బతికాడు. లేకుంటే ఆ శుక్రవారం ఆ రూములో నవ్వులుండేవి కావు.

అతను భయపడి పట్టుకోలేదు. పిరికితనం కాదు, తెలివితక్కువతనం కాదు. ఆ కొన్ని క్షణాలు ఆ చెయ్యి నిజంగానే అతనిది కాదు. అదెలాగో తెలియాలంటే మన ఒంట్లో నరం, కండరం, మెదడు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో తెలియాలి. తెలిస్తే నవ్వడం మానేస్తాం. అంతకంటే ముఖ్యంగా, తెగిన వైరును చూసీ చూడనట్టు దాటి వెళ్లడం మానేస్తాం.

నరమంటే ఏది?

ముందుగా మాటల చిక్కొకటి విప్పుకోవాలి. మనం "నరానికి సూది వేశారు" అంటాం. ఆ సూది వేసేది నరానికి కాదు, రక్తనాళానికి. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేది కూడా రక్తనాళమే. డాక్టర్లు నరం అనేది వేరు. అది లోపల తెల్లటి దారంలా ఉంటుంది. అందులో రక్తం పారదు, కబురు పారుతుంది. మెదడు నుంచి వెన్నుపాము, అక్కడి నుంచి చేతులూ కాళ్లూ... ఊరంతా తీగలు లాగినట్టే ఒళ్లంతా నరాలు అల్లుకుని ఉంటాయి.

ఆ కబురు కూడా ఒక రకం కరెంటే. నరం లోపలికీ బయటికీ మధ్య ఎప్పుడూ చిన్న వోల్టేజి తేడా ఉంటుంది. సుమారు 70 మిల్లీవోల్టులు, అంటే వోల్టులో పద్నాలుగో వంతు. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. నరాన్ని ఏదైనా తగినంతగా తాకితే దాని గోడలోని సన్నని తలుపులు తెరుచుకుంటాయి. సోడియం బిలబిలా లోపలికి వస్తుంది. ఆ చోట వోల్టేజి ఒక్కసారి తిరగబడి, వెయ్యోవంతు సెకనులో మళ్లీ సర్దుకుంటుంది. ఈలోగా పక్క తలుపులు తెరుచుకుంటాయి, వాటి తర్వాత ఆ పక్కవి. అలా కబురు ముందుకు పోతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నరానికి సగం కబురు తెలియదు. తాకిడి చాలకపోతే అసలు పలకదు. చాలితే పూర్తిగా పలుకుతుంది. గట్టిగా తాకినంత మాత్రాన కబురు పెద్దది కాదు, వరసబెట్టి ఎక్కువసార్లు వెళుతుంది. మెల్లగా తట్టినా గట్టిగా గిచ్చినా మెదడు తేడా పట్టేది ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని నరాల మీద వచ్చింది అన్న లెక్కతోనే.

కప్ప కాలు చెప్పిన నిజం

ఈ సంగతి మొదట బయటపెట్టింది కప్ప. ఇటలీలోని బొలోనా ఊళ్లో లుయిజీ గాల్వానీ అనే వైద్యుడు చచ్చిన కప్ప కాలి నరానికి విద్యుత్తు తగిలిస్తే కాలు తన్నుకోవడం చూశాడు. 1791లో ఆ సంగతి అచ్చు వేశాడు. ప్రాణం పోయిన కాలుకు భయం ఉంటుందా? బుద్ధి ఉంటుందా? అయినా అది తన్నింది. నరానికి కబురు మెదడు నుంచి వచ్చిందా, బయటి వైరు నుంచి వచ్చిందా అనే తేడా తెలియదు. మన తమ్ముడి కథకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఆ తర్వాత 1850లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో కబురు వేగం కొలిచాడు. సెకనుకు దాదాపు 27 మీటర్లు. మనిషిలో కండరాలకు వెళ్లే నరాలు ఇంకా చురుకైనవి. సెకనుకు 50, 60 మీటర్లు, అంటే గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగం. కానీ అన్ని నరాలూ అంత వేగం కావు. మంటను, సలుపును మోసే సన్న నరాలు కొన్ని సెకనుకు ఒక మీటరు చొప్పున, మనం నడిచే వేగం కంటే కూడా నెమ్మదిగా పోతాయి.

ఇది మీకు అనుభవమే. సైటులో కాలి వేలికి ఇనుప కడ్డీ తగిలిందనుకోండి. ముందు చురుక్కుమంటుంది. "అబ్బా" అనేలోపు కాలు వెనక్కి వచ్చేస్తుంది. ఒక సెకను ఆగి అసలు నొప్పి మొదలవుతుంది. మొదటిది ఎక్స్‌ప్రెస్ బండి, రెండోది ప్యాసింజర్. ఇక కాలు వెనక్కి లాగమని చెప్పింది మెదడు కూడా కాదు, వెన్నుపామే. పొయ్యి మీది గిన్నె చురుక్కుమనగానే చెయ్యి తీసేసి, ఆ తర్వాత "కాలింది" అని తెలుసుకునే అక్కలందరికీ ఇది తెలుసు.

పిడికిలి ఎందుకు బిగిసింది?

నరం చివర కండరం ఉంటుంది. రెండింటి మధ్యా కంటికి కనపడనంత సందు. కబురు అక్కడికి రాగానే నరం ఎసిటైల్‌కోలిన్ అనే మందు చుక్కను వదులుతుంది. అది తగిలితే కండరం ముడుచుకుంటుంది. వెంటనే ఇంకో పదార్థం వచ్చి ఆ చుక్కను తుడిచేస్తుంది. తుడవకపోతే? ఊళ్లో పత్తిచేలో మందు కొడుతూ పడిపోయిన వాళ్లను చూసే ఉంటారు. నోట్లో నురగ, కండరాల్లో అదురు, ఊపిరి అందకపోవడం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు చేసే పని ఇదే, తుడిచేదాన్ని పని చేయనివ్వవు. పురుగులో ఏ మీట నొక్కుతాయో మనిషిలోనూ అదే మీట నొక్కుతాయి.

ఇప్పుడు మన తమ్ముడి దగ్గరికి వద్దాం. ఒక్క కబురు వస్తే కండరం ఒక్కసారి అదిరి వదులవుతుంది. ఆ అదురుకు సెకనులో పదో వంతు దాకా పట్టొచ్చు. అది వదులయ్యేలోపే రెండో కబురు, మూడో కబురు వస్తే? వదులయ్యే సందే ఉండదు. బిగిసి అలాగే ఉండిపోతుంది. ఒమన్‌లో గోడలో ఉన్న కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ముంజేతి కండరాలకు సెకనుకు 50 సార్లు "ముడుచుకో" అని ఆజ్ఞ పడుతున్నట్టు. మెదడు నుంచి "వదులు" అనే కబురు వస్తూనే ఉంటుంది. కానీ ఆ గోలలో దాని గొంతు ఎవరికి వినిపిస్తుంది?

మరి చెయ్యి తెరుచుకోవచ్చు కదా, మూసుకోవడమే ఎందుకు? ముంజేతిలో వేళ్లను ముడిచే కండరాలు, తెరిచే కండరాలు రెండూ ఉంటాయి. కరెంటు రెండింటినీ లాగుతుంది. కానీ ముడిచే కండరాలదే బలం. బస్తా మోయాలన్నా తాడు లాగాలన్నా వాటితోనే పని. కాబట్టి అవే గెలుస్తాయి. పిడికిలి బిగుస్తుంది, వైరు అందులోనే ఉండిపోతుంది.

చిన్న లెక్క

షాకు ఎంత గట్టిది అనేది వోల్టుల మీదే కాదు, ఒంట్లోంచి ఎంత కరెంటు పారింది అన్నదాని మీద ఉంటుంది. దాన్ని మిల్లీఆంపియర్లలో కొలుస్తారు. సుమారుగా ఒక మిల్లీఆంపియర్ దగ్గర జివ్వుమంటుంది. పది దగ్గరకొచ్చేసరికి చాలామందికి చెయ్యి వదలదు. ఇరవై, ముప్ఫై దాటితే ఛాతీ కండరాలు బిగిసి ఊపిరాడదు. అందుకే తమ్ముడికి గొంతు పెగల్లేదు. యాభై, వంద దగ్గర గుండె లయ తప్పే ప్రమాదం. మనిషిని బట్టి, ఎంతసేపు పారింది, ఏ దారిన పారింది అన్నదాన్ని బట్టి ఇవి మారుతాయి. అంతగా భయపెట్టే అంకెలు కావనిపిస్తోందా? రూములో వెలిగే 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగేదే సుమారు 40 మిల్లీఆంపియర్లు. ఒక బల్బు కరెంటు మనిషి ఊపిరి ఆపగలదన్నమాట.

ఇప్పుడు చెమట సంగతి. పొడి చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది. చర్మం అడ్డు 50 వేల ఓములు అనుకుంటే 240 వోల్టులకు 5 మిల్లీఆంపియర్లు కూడా పారదు. జివ్వుమని చెయ్యి తీసేస్తాం. అదే చర్మం చెమటతో నానితే అడ్డు వెయ్యి ఓములకు పడిపోవచ్చు. అప్పుడు 240 మిల్లీఆంపియర్లు! అదే వైరు, అదే మనిషి. తేడా అంతా తడిలోనే ఉంది. "నిన్న కూడా అదే పట్టుకున్నా, ఏం కాలేదు" అనే మాటకు అర్థం లేదని అందుకే. జూలైలో బౌషర్ ఎండలో పొడి చెయ్యి ఎవరికుంటుంది? సైటు వాళ్లకే కాదు, ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు కూడా ఇది ముఖ్యం. కడిగిన నేల, తడి చేతులు, వాషింగ్ మిషన్ స్విచ్... మూడూ ఒకచోట కలవకూడదు.

గుండెకు తగిలితే...

గుండె కూడా కండరమే. కానీ దానికి సొంత జనరేటరుంది. కుడి పై గదిలో ఉన్న చిన్న ముక్క నిమిషానికి అరవై నుంచి వంద సార్లు కబురు పంపుతుంది. గుండెలోని కోట్ల కొద్దీ కణాలు ఆ తాళానికి కలిసి కొట్టుకుంటాయి. బయటి కరెంటు మధ్యలో దూరితే తాళం చెదిరిపోతుంది. ఏ కణానికి ఆ కణం అదురుతుంది కానీ రక్తం ముందుకు పోదు. చప్పట్లు కలిపి కొడుతున్న గుంపులో ఎవరిష్టం వాళ్లు కొట్టడం మొదలుపెట్టినట్టు.

ఆస్పత్రుల్లో, పెద్ద మాల్స్‌లో గోడకు ఉండే డీఫిబ్రిలేటర్ పెట్టె చేసేదేమిటో తెలుసా? అది కూడా షాకే కొడుతుంది. ఒక్క పెద్ద దెబ్బతో అన్ని కణాలనూ ఒకేసారి ఆపుతుంది. అంతా నిశ్శబ్దమయ్యాక గుండె సొంత జనరేటరు మళ్లీ పని అందుకునే అవకాశం దొరుకుతుంది. చంపే కరెంటే బతికించగలదు, తెలిసినవాళ్ల చేతిలో ఉంటే. ఆ పెట్టె వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు రెండంగుళాల లోతుకు నొక్కుతూ ఉండాలి. మీ కంపెనీలో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇస్తామంటే "డ్యూటీ పోతుంది" అనుకోకుండా వెళ్లండి.

కండరానికి కూలి ఎవరిస్తారు?

కబురు వచ్చింది, కండరం ముడుచుకుంది. మరి ఆ పనికి ఖర్చు? పని చేసినవాడికి కూలి ఇవ్వాలిగా! ఈ లెక్క తేల్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు. వలస వెళ్లినవారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. ఓడ ఖర్చుకు సొంత డబ్బు లేదు. మామగారు, దాతలు సాయం చేశారు. అక్కడ చదువుకుంటూనే పొట్టకూటి కోసం ఓ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ కూలీగా పనిచేశారు. వైద్యం చదివిన మనిషి రోగుల కింద మలపాత్రలు తీశారు. డిగ్రీ బ్యాగులో పెట్టుకుని ఇక్కడ హెల్పర్ పని చేస్తున్న తమ్ముళ్లకు ఈ సంగతి ఇంకొకరు విడమరచి చెప్పక్కర్లేదు.

తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరారు. కండరం పని చేసే శక్తి ఎక్కడిదో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. చక్కెర విరిగి లాక్టిక్ ఆమ్లంగా మారడమే కారణమని పెద్ద పెద్దవాళ్లు అనుకుంటున్న రోజులు. 1927లో ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని కనుగొన్నారు. నరం మీద కరెంటుతో కండరాన్ని పని చేయిస్తే అది తరిగిపోయింది. విశ్రాంతి ఇస్తే మళ్లీ నిండింది. అదే సమయంలో ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు. 1929లో ఏటీపీ అనే ఇంకో పదార్థం దొరికింది. జర్మనీలో లోమన్, ఇక్కడ ఫిస్కే, సుబ్బారావు వేర్వేరుగా దాన్ని పట్టుకున్నారు.

ఏటీపీ అంటే జేబులో నోటు. కండరం ఆ క్షణంలో తీసుకునే కూలి అదే. ఫాస్ఫోక్రియాటిన్ అంటే బీరువాలో దాచిన చిల్లర. జేబు ఖాళీ అవుతుంటే వెంటనే నింపుతుంది. గట్టిగా బరువు ఎత్తితే ఈ రెండూ కలిసి పది సెకన్ల పాటు వస్తాయి. ఆ తర్వాత చక్కెర, కొవ్వు కరగాలి. అది నెమ్మది. ఆగి నిలబడితే మూడు నుంచి ఐదు నిమిషాల్లో చిల్లర బీరువా దాదాపు నిండుతుంది. బస్తా బస్తాకీ మధ్య కాస్త ఆగి ఊపిరి పీల్చుకునేవాడు సోమరి కాదు, సుబ్బారావు గారి లెక్క ప్రకారం పనిచేసేవాడు! అలా ఆగనివ్వకపోతే సాయంత్రానికి పని తగ్గుతుంది, చెయ్యి జారుతుంది, ప్రమాదం జరుగుతుంది.

కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడ్డానికి రక్తంలో "క్రియాటినిన్" పరీక్ష చేస్తారు కదా! ఆ క్రియాటినిన్ ఈ చిల్లర బీరువా అరుగుదలే. కండరంలో పుట్టి కిడ్నీ గుండా బయటికి పోవాలి. రక్తంలో పేరుకుందంటే కిడ్నీ వెనకబడిందని అర్థం. ఊళ్లో బోదకాలుకు పంచే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు బృందం నుంచి వచ్చిందే. ఆయన మళ్లీ ఊరికి రాలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన అమెరికాలో కన్నుమూశారు. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

పిక్క పట్టేసిందా? వేళ్లు మొద్దుబారాయా?

నరం కబురుకు సోడియం కావాలని చెప్పుకున్నాం. సోడియం అంటే ఉప్పులో ఉండేదే. ఎండలో చెమటతో పాటు ఉప్పూ పోతుంది. చాలామంది ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగుతారు. పోయిన ఉప్పు తిరిగి రాదు. రాత్రి పడుకున్నాక పిక్కలు, పొట్ట కండరాలు పట్టేస్తాయి. లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో, గీత కొట్టినట్టు కొలిచి కలుపుకుంటే మంచిది. ఉప్పు వేసిన మజ్జిగ ఇంకా మంచిది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే.

ఎండలో మనిషి తికమకగా మాట్లాడితే, తూలితే అది పిక్క పట్టేయడం కాదు. మెదడుకు వేడి తగిలింది. వెంటనే నీడకు తెచ్చి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూ ఆస్పత్రికి కబురు పంపాలి. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా బయట ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. అది దయ కాదు, చట్టం.

ఇక బ్రేకర్, గ్రైండర్, వైబ్రేటర్ పట్టేవాళ్ల సంగతి. వేలి చివర అదురును పసిగట్టే సన్నని పరికరాలున్నాయి. రోజూ గంటల తరబడి అదురు తగిలితే అవీ, వాటి నరాలూ, పక్కనున్న చిన్న రక్తనాళాలూ దెబ్బతింటాయి. మొదట పని అయ్యాక కాసేపు తిమ్మిరి. తర్వాత రాత్రిళ్లు కూడా. తర్వాత చల్లటి పొద్దున వేళ్లు తెల్లబడతాయి. చివరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. మొదట్లో ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. ముదిరాక ఆపినా తిరిగి రాకపోవచ్చు. పని మార్చి మార్చి చేసుకోవడం, మిషన్‌ను అవసరానికి మించి బిగించి పట్టుకోకపోవడం, మధ్యమధ్య ఆపడం మేలు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో తిమ్మిరి, మంట వస్తే అది కూడా నరాల మాటే. షూలో రాయి గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

నేను కదపలేదు!

ఇంత కథలో మెదడు ఎక్కడుంది? కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930ల్లో మూర్ఛ రోగులకు ఆపరేషన్లు చేసేవాడు. రోగి మెలకువగానే ఉండేవాడు. ఎందుకంటే ఒళ్లంతా నొప్పిని తెలుసుకునే మెదడుకు తన నొప్పి తనకు తెలియదు! పెన్‌ఫీల్డ్ సన్నని తీగతో కొద్దిపాటి కరెంటు మెదడు పైపొర మీద తాకించేవాడు. ఒకచోట తాకితే పెదవి, ఒకచోట తాకితే బొటనవేలు కదిలేవి. అలా ఆయన మెదడు మీద ఒళ్లంతటి పటం గీశాడు. అందులో నడుం, వీపు అంతా చిన్న జాగా. చేతివేళ్లు, పెదవులు, నాలుక పెద్ద జాగా. మేస్త్రీ తాపీ, టైలర్ కత్తెర, డ్రైవర్ స్టీరింగ్... పని నేర్చిన చేతికి మెదడులో అంత చోటుంది. చేతిపని తక్కువ పని అనేవాళ్లకు ఇది చెప్పండి.

ఆ రోగులను "చెయ్యి ఎందుకు కదిపావు" అని అడిగితే, తాము కదపలేదనీ, డాక్టరే కదిపాడనీ చెప్పేవారట. చెయ్యి తమదే. కదలిక కళ్ల ముందే జరిగింది. అయినా అది తమ పని కాదని వాళ్లకు స్పష్టంగా తెలుసు. మన జగిత్యాల తమ్ముడు అన్నదీ ఇదే కదా! "నా చెయ్యే గాని నా మాట ఇంటలేదు." పెద్ద డాక్టరు ఆపరేషన్ గదిలో రాసుకున్న నిజాన్ని ఇతను గ్రైండర్ వైరు దగ్గర తెలుసుకున్నాడు. ఖరీదు కాస్తలో తప్పింది.

మెదడు గురించి ఇంకొక్క మాట. అది ఎప్పుడూ మారని కబురును పట్టించుకోవడం మానేస్తుంది. పొద్దున వేసుకున్న చొక్కా ఒంటి మీద ఉందని మధ్యాహ్నానికి గుర్తుండదు. రూము పక్క జనరేటరు మోత కొత్తలో నిద్ర పట్టనివ్వదు, నెలకు వినిపించదు. ఇది మంచిదే, లేకుంటే పిచ్చెక్కుతుంది. కానీ ప్రమాదానికీ ఇలాగే అలవాటు పడతాం. తెగిన వైరుకు చుట్టిన టేపు మొదటి రోజు కనిపిస్తుంది. నెల తర్వాత కనిపించదు. వైరు అదే, మెదడు చూడటం మానేసింది. అలవాటును నమ్మకండి, వారానికోసారి కొత్తగా వచ్చినవాడి కళ్లతో చూడండి.

గుర్తుంచుకోండి

* ఎవరికైనా షాకు తగులుతుంటే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి పొడి కర్ర, ప్లాస్టిక్ కుర్చీలాంటి వాటితో వైరును నెట్టండి. పెద్ద లైను అయితే దగ్గరికే వెళ్లొద్దు.

* ఒమన్‌లో ఎమర్జెన్సీ నంబరు 9999. స్పృహ లేక, ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో ఫోన్ చేయించండి.

* పెద్ద షాకు తగిలి లేచి కూర్చున్నా "ఏం కాలేదులే" అని డ్యూటీకి పోవద్దు. పైన చిన్న మచ్చే ఉన్నా లోపల కండరం కాలి ఉండొచ్చు, గుండె లయ చెదిరి ఉండొచ్చు. ఈసీజీ తీయించుకోవాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

* ఇక్కడి ప్లగ్గులు మూడు చదును పిన్నులవి. ఊరి నుంచి తెచ్చిన రెండు పిన్నుల ఛార్జరును, పై రంధ్రంలో పుల్లో స్క్రూడ్రైవరో గుచ్చి దూర్చడం మానండి. ఆ పై రంధ్రం ఎర్తింగ్‌ది. కరెంటు తప్పుదారి పడితే మన ఒంట్లోంచి కాకుండా దాని గుండా పోవాలని పెట్టింది.

* బోర్డులో ఈఎల్‌సీబీ పదే పదే పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలపొద్దు. 30 మిల్లీఆంపియర్లు దారి తప్పితే రెప్పపాటులో కరెంటు ఆపేది అదే. అది పడుతోందంటే ఎక్కడో తప్పు ఉందని చెబుతోంది.

* తడి చెయ్యి, చెప్పుల్లేని కాలు, తెగిన వైరు. ఈ మూడింటిలో రెండు కలిసినా ప్రమాదమే.

ఇంత చెప్పాక రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రాయచోటి అన్న లేచాడు. తన మంచం తల దగ్గర, మూడు చోట్ల టేపు చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపు చూశాడు. అతనొచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉందట. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, బయట చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. "రేపు కొత్తది తెచ్చుకుందాం లేరా, తలా రెండొందల బైసాలు ఏసుకుందాం" అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు అప్పుడు నవ్వాడు.